అరిచే టైరు

మార్చి 3

తప్పు నీదే, పాఠకుడా. ఎవరిదో అన్నట్టు పక్కకు చూడకు, నీదే. నా శీర్షిక పత్రికలో ఆగిపోయింది. ఏమైందని అడుగుతూ నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఇన్నేళ్లూ నీ కోసం గొంతు చించుకున్నాను. నీ ఫుట్‌పాత్ కోసం, నీ బస్సు కోసం, నీ పిల్లలు రోడ్డు దాటడానికి ఒక తెల్లగీత కోసం. నువ్వు టీ తాగుతూ చదివావు, తలూపావు, ఆ కాగితంతోనే కిటికీ అద్దాలు తుడుచుకున్నావు. ఇప్పుడా చోట కుండీ మొక్కల పెంపకం వేస్తున్నారు. అది నీకు చాలా నచ్చిందట. ఎడిటరే చెప్పాడు.

ఇది డైరీ. ఇక్కడ పాఠకుడనేవాడు లేడని నాకూ తెలుసు. అయినా నిన్ను తిట్టకుండా మొదలుపెట్టడం చేతకావడం లేదు.

ఎడిటర్ అన్నది ఇదీ: "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి మేడమ్. పై సగంలో కార్ల ప్రకటన, కింది సగంలో సొంత కారు సామాజిక నేరం అని మీ వ్యాసం. చూసేవాళ్లకు ఎలా ఉంటుంది? పైగా ప్రతి వ్యాసం చివరా డిమాండ్లు. ఇన్నేళ్లలో ఒక్కటైనా ఎవరైనా తీర్చారా?"

తీర్చలేదు. తీర్చలేదు కాబట్టే మళ్లీ మళ్లీ పెడుతున్నాను. ఇంత చిన్న విషయం అర్థం కానివాడు ఎడిటర్ ఎలా అయ్యాడో.

మార్చి 4

ఇంట్లో సంగతి కూడా రాయాలి. నిన్న కోపంలో మర్చిపోయాను. మా అత్తగారు స్పోర్ట్స్ కారు కొంది.

మార్చి 5

నిన్నటి వాక్యం మళ్లీ చదివితే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. వివరంగా రాస్తాను.

అత్తయ్య జీవితమంతా టైలరింగ్ షాపు నడిపింది. కోట్లు, గౌన్లు, బడిపిల్లల యూనిఫారాలు. మోకాళ్లు కుట్టుమిషను తొక్కనంటున్నాయని ఈ ఏడాది షాపు అమ్మేసింది. మా ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆవిడ వాటి మీద కారు తాళం పెట్టింది. కుట్టుమిషను తొక్కనన్న మోకాళ్లు యాక్సిలరేటరు మాత్రం తొక్కుతాయట.

పాత కారే. ఎర్రది, పైకప్పు వెనక్కి మడుచుకునేది. రెండే సీట్లు. కూరగాయల సంచీ పెట్టాలంటే ఒక మనిషి దిగిపోవాలి. బస్సులో ఇరవై మంది నిలబడే చోటును ఇద్దరు కాళ్లు బారజాపుకుని ఆక్రమించుకోవడమే ఈ వస్తువు పని. అలాంటి వస్తువు నా వాకిట్లో ఉంది. వీధిలోవాళ్లకు నా వ్యాసాలు గుర్తున్నాయో లేదో. లేకపోతే బాగుండునని మొదటిసారి అనుకున్నాను.

అత్తయ్య దాన్ని "పిల్ల" అంటుంది. నేను అనను.

మార్చి 8

ఆదివారం. భోజనాల దగ్గర యుద్ధం.

"అమ్మా, ఈ వయసులో నీకు రేసులేంటి?" అన్నాడు మా ఆయన. ఆయన పళ్ల డాక్టరు. ఎదుటివాళ్లు నోరు తెరుచుకుని కూడా మాట్లాడకుండా ఉండటం అలవాటైపోయిన మనిషి.

"రేసు కాదురా, ట్రాక్ డే. ఎవరి కారు వాళ్లు తీసుకెళ్లి ట్రాక్ మీద నడుపుకోవడం. ఎవడితోనూ పోటీ లేదు. పొద్దున కోచ్ పక్కన కూర్చుని నేర్పుతుంది. బాగుందనుకుంటే మధ్యాహ్నం ఒంటరిగా వదులుతుంది."

"వదలకపోతే?"

"వదలకపోతే నీ ఇష్టం. ఆ జిమ్ము ఓనరు దీని కోసం మన గేటు చుట్టూ తిరుగుతున్నాడుగా, వాడికి అమ్మెయ్."

"మాటేనా?"

"మాటే. వదిలితే మాత్రం ఈ ఇంట్లో నా కారు ఊసు ఎవరూ ఎత్తకూడదు. నా మోకాళ్ల ఊసూ ఎత్తకూడదు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తటస్థం అన్నాను.

"నువ్వు తటస్థమా? టూత్‌పేస్టు మీద కూడా నీకొక వైఖరి ఉంది," అన్నాడు మా ఆయన.

సూత్రప్రకారం నేను అమ్మేయాలనే పక్షం. ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకుండా.

మార్చి 10

టైర్ల షాపుకు వెళ్లాం. కారుతో వచ్చిన టైర్లు ఎండి బీటలు తీశాయి, ఒక రిమ్ము వంగింది. అలాంటి చక్రాలతో ట్రాక్ గేటు కూడా దాటనివ్వరట. నాలుగు చక్రాలూ కొత్తవి కావాలి. అత్తయ్యను ఎవరూ మోసం చెయ్యకుండా చూడటానికి మాత్రమే నేను వెళ్లాను.

షాపాయనకు పెద్ద మీసాలు. మమ్మల్ని చూసి, మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని వీధిలోకి చూశాడు.

"సార్ రాలేదా అమ్మా?"

"ఏ సారు?" అన్నాను.

"అంటే... కారు తాలూకు సారు."

"కారు తాలూకు సారుని నేనే," అంది అత్తయ్య. "కుర్చీ వెయ్."

గుర్తుంచుకో, పాఠకుడా. సగం జనాభా చక్రాల మీద బతుకుతోంది, చక్రాల గురించి మాట్లాడటానికి మాత్రం మీసాలుండాలి. కోపంతో నాకు చెవులు వేడెక్కాయి. చాలా రోజుల తర్వాత ఒంట్లో బాగున్నట్టనిపించింది.

ఆయన గోడకు తగిలించిన ఒక రిమ్ము దించాడు. పెద్దది, అద్దంలా మెరుస్తోంది. దాని చుట్టూ వేసే టైరు పట్టీ అంత పలచన.

"ఇది వేస్తే రోడ్డు మీద పోతుంటే జనం ఆగి చూడాలమ్మా."

"జనం చూడాలంటే నేను కిటికీలో కూర్చుంటా. నాకు కారు మలుపు తిరగాలి."

"దీంతో కూడా తిరుగుద్దమ్మా."

"నీ మీసంతో కూడా ముక్కు తుడుచుకోవచ్చు. అందుకే పెంచావా?"

ఆయన నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. వచ్చింది గాని అక్కడ నవ్వలేదు.

మార్చి 11

చదివాను. పొద్దుటి నుంచీ చదువుతూనే ఉన్నాను. వ్యాసానికి పనికొస్తుంది.

పెద్ద రిమ్ము అంటే పెద్ద గేటు లాంటిది. లోపల ఇల్లు ఎలా ఏడ్చినా గేటు మాత్రం వీధికి కనబడాలి. బరువంతా ఇనుములో పోతుంది, రబ్బరు పలచబడుతుంది, గతుకు వస్తే దెబ్బ నేరుగా మనిషి వెన్నుకే. చిన్న రిమ్ము తేలిక. దాని చుట్టూ రబ్బరు మందంగా ఉంటుంది, నేలతో కాస్త రాజీపడుతుంది, కాస్త పట్టుబడుతుంది. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు చిన్నదీ తేలికదీ వేసుకుంటారు. వీధిలో ఊరేగేవాళ్లు పెద్దది వేసుకుంటారు. ఇంతకంటే స్పష్టమైన వర్గ విభజన ఎక్కడైనా ఉందా?

మీసాలాయనకు ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. వర్గ విభజన దగ్గర కాస్త తడబడ్డాడు గాని, చిన్న రిమ్ముకు ఒప్పుకున్నాడు.

మార్చి 12

ట్రాక్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినావిడ ఓపిగ్గా చెప్పింది. టైర్లు మూడు రకాలట. రోడ్డువి, పూర్తిగా ట్రాక్‌వి, రెండింటికీ మధ్యవి. మధ్యరకం బంకలా పట్టుకుంటుంది, కిక్కురుమనదు, ఒక్కసారిగా వదిలేస్తుంది.

"మొదటిసారి వచ్చేవాళ్లకు మంచి రోడ్డు టైరే వేయించండి మేడమ్. పట్టు కాస్త తక్కువే. కానీ జారేముందు అరుస్తుంది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. ఇంక చాలు అని చెప్తుందన్నమాట. ఆ అరుపు వినడం నేర్చుకుంటే సగం డ్రైవింగ్ వచ్చినట్టే."

థాంక్స్ చెప్పి పెట్టేశాను. చాలాసేపు ఫోన్ పక్కనే కూర్చున్నాను.

మార్చి 13

జారేముందు అరుస్తుంది.

ఎడిటర్‌కు ఈ టైరు అమ్మితే కొనడు.

మార్చి 14

అత్తయ్య ఒప్పుకోవడం లేదు. ఆవిడకు మధ్యరకమే కావాలట.

"గ్రిప్పు ఎక్కువున్నది ఉండగా తక్కువది ఎవరైనా కొంటారా అమ్మాయ్? నీకు అరుపులంటే ఇష్టమని నా కారు కూడా అరవాలా?"

"గట్టి దారం ఉంది కదా అని పలచటి గుడ్డకు వేస్తారా మీరు?"

"ఎందుకేస్తాను? దారం నిలుస్తుంది, గుడ్డ చిరుగుతుంది."

"మరి?"

ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. "ఆ మాట నీకు చెప్పింది నేనే కదూ?"

"మీరే. మీ దగ్గర ఎత్తుకొచ్చి మిమ్మల్నే కొట్టాను."

"కోడలంటే ఇలా ఉండాలి," అంది, తిట్టినట్టు. రోడ్డు టైరు ఖాయమైంది.

బస్టాపులో నిలబడి నా బస్సు టైర్ల వంక చూశాను. నున్నగా ఉన్నాయి, గీత కనపడటం లేదు. వంగి వేలు పెట్టి చూస్తుంటే కండక్టరు, "ఏమన్నా పడిపోయిందామ్మా?" అన్నాడు. అవునన్నాను.

మార్చి 16

చక్రాలు బిగించారు. ఇవాళ నేను ఒక వాదన గెలిచాను. శీర్షిక ఆగాక బయటివాళ్లతో ముఖాముఖి గెలిచింది ఇదే మొదటిది, అందుకని పూర్తిగా రాస్తాను.

మీసాలాయన వెనక చక్రాలకు వెడల్పు టైర్లు, ముందు వాటికి సన్నవి తీసిపెట్టాడు.

"ముందువాటికి తక్కువ, వెనకవాటికి ఎక్కువ ఎందుకు?"

"ఈ కారుకి అంతేనమ్మా."

"అదే, ఎందుకంతే?"

"కంపెనీ అలా పెట్టింది."

ఎన్నిసార్లు విన్నాను ఈ జవాబు. పైవాళ్లు అలా పెట్టారు కాబట్టి అంతే. ఈ లోకంలో ఉన్న ప్రతి హెచ్చుతగ్గుకూ ఇదే సమాధానం. వదులుతానా? నాలుగూ ఒకే కొలత అయితే ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకోవచ్చు, అన్నీ సమానంగా అరుగుతాయి, అలా వేసుకునేవాళ్లు ట్రాకుల మీద బోలెడుమంది ఉన్నారు. అన్నీ చదివి వచ్చాను.

"అదీ నిజమే, వేస్తారు," అన్నాడు ఆయన. "కాకపోతే ముందు చక్రం తిరగాలి కదమ్మా, లోపల చోటు చూసుకోవాలి."

"చూడండి మరి."

వెడల్పు టైరొకటి ముందు పెట్టి, వంగి చూశాడు. అత్తయ్య బ్యాగులోంచి టేపు తీసి తనూ కొలిచింది. టైరుకూ లోపలి ప్లాస్టిక్కుకూ మధ్య వేలు దూరింది.

"ఖాళీ ఉంది," అంది అత్తయ్య.

"ఉంది గాని..." అన్నాడు మీసాలాయన.

"ఉంది అన్నాక గాని ఏమిటి?" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "మీతో నేను వాదించలేనమ్మా. వేసేస్తా."

నాలుగు చక్రాలు, నాలుగూ వెడల్పే, నాలుగూ సమానం. మొదటిసారి ఆ కారు అందంగా కనబడింది.

ఇంటి మలుపులో, స్టీరింగు పూర్తిగా తిప్పి గేట్లోకి వస్తుంటే గర్రుమని ఏదో శబ్దం.

"గేటు," అన్నాను.

"గేటే," అంది అత్తయ్య.

మార్చి 17

గేటుకు నూనె వేశాను.

మార్చి 18

మళ్లీ వేశాను. పాత గేటు, అంత తేలిగ్గా వినదు.

మార్చి 19

ఇవాళ గేటు ముందే తెరిచి పెట్టాం. అయినా వచ్చింది. దీని గురించి ఇవాళ రాయదలచుకోలేదు.

మార్చి 20

ఎడిటర్ ఫోన్. కుండీ మొక్కల ఆయనకు నడుం పట్టేసిందట. "మీరు తిరిగి రావచ్చు మేడమ్. మీ భావాలు మీవే. గొంతు మాత్రం కాస్త తగ్గించాలి. మెత్తగా, పాఠకుణ్ని తిట్టకుండా. చివర ఆ డిమాండ్లు లేకుండా."

ఆలోచించి చెప్తానన్నాను. నేను ఆలోచించి చెప్తాననడం ఆయన ఎన్నడూ వినలేదు. ఒంట్లో బాగుందా అని అడిగాడు.

నిజంగానే ఆలోచిస్తున్నాను. మెత్తగా రాసేవాళ్లు ఎంతమంది లేరు.

మార్చి 21

పొద్దున మా ఆయన బ్రెడ్డు మీద వెన్న రాస్తూ, "మన గేటు సూపర్‌మార్కెట్ పార్కింగులో కూడా అరుస్తోందట. జిమ్ము ఓనరు చెప్పాడు," అన్నాడు.

అత్తయ్య కప్పు కింద పెట్టి లేచింది. నేనూ లేచాను. ఇద్దరం మాట్లాడుకోకుండా వాకిట్లోకి నడిచాం.

ఆవిడ బట్టల మీద గుర్తు పెట్టే సుద్దముక్క తెచ్చి, ముందు చక్రం పైన లోపలి ప్లాస్టిక్కు అంతా తెల్లగా పూసింది. నన్ను కారులో కూర్చోబెట్టి స్టీరింగు తిప్పమంది. నాకు డ్రైవింగ్ రాదు, తిప్పడం మాత్రం ఎవరికైనా వస్తుంది. చివరిదాకా తిప్పాను. గర్రుమంది. దిగి చూస్తే టైరు అంచు పొడుగునా తెల్లగా సుద్ద.

అత్తయ్య గుమ్మం మెట్టు మీద కూలబడింది.

"చేతులెత్తించలేదు అమ్మాయ్."

"ఎవరి చేత?"

"దీని చేత. కోటు కుట్టేటప్పుడు మనిషిని నిటారుగా నిలబెట్టి కొలిచి వదిలేస్తామా? చేతులు పైకెత్తమంటాం, వంగమంటాం, కూర్చోమంటాం. నిలబడ్డప్పుడు సరిపోయిన కోటు చెయ్యెత్తితే చంక దగ్గర పట్టేస్తుంది. ఇన్నేళ్లలో ఎవరినీ చేతులెత్తించకుండా పంపలేదు నేను. ఆ రోజు టేపు పట్టుకుని ఖాళీ ఉందని ఎంత దర్జాగా చెప్పానో చూడు. చక్రం నిటారుగా ఉంది. ఒక్కసారి తిప్పి చూడలేదు."

"ఆయన చూద్దామనే అనబోయాడు. 'గాని ఏమిటి' అని ఆపింది నేనే."

"అన్నావు."

"ట్రాక్ మీద ఇలాగే రుద్దుకుంటే?"

"ట్రాక్ దాకా ఎవడు రానిస్తాడు? గేటు దగ్గరే తనిఖీలో ఆపేస్తారు. కోచ్ పక్కన కూర్చోనే కూర్చోదు. సాయంత్రానికి జిమ్ము ఓనరు పైకప్పు మడిచి, కండలు బయటపెట్టుకుని పిల్లను వీధుల్లో తిప్పుతుంటాడు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. సుద్ద చేతులతో తుడుచుకోవడం వల్ల రెండు కళ్ల కిందా తెల్ల చారలు. నవ్వాలో ఏడవాలో తెలీక నేను బకెట్టు తెచ్చి చక్రం కడిగాను.

సూత్రప్రకారం నేను అమ్మేయాలనే పక్షం అని ఎనిమిదో తారీఖున రాశాను. ఆ వాక్యం ఎందుకు రాశానో గుర్తులేదు.

మార్చి 23

మీసాలాయన షాపు.

"మీరు చెప్పబోయిందే నిజం," అన్నాను. "నేను చెప్పింది తప్పు."

ఆయనకు ఎటు చూడాలో తెలియలేదు. కస్టమర్లెవరూ ఈ మాట అనగా విన్నట్టు లేదు. గోడ మీది రిమ్ములకేసి చూశాడు, నేలకేసి చూశాడు. చివరికి, "నేను మాత్రం? తిప్పి చూడాల్సింది కదమ్మా. మీ వాదన ఎప్పుడైపోద్దా అని చూస్తూ ఆ పనే మర్చిపోయా," అన్నాడు.

ముందు చక్రాల వెడల్పు టైర్లు రెండూ తిరిగి తీసుకుని, మొదట తీసిపెట్టిన సన్నవే బిగిస్తానన్నాడు. బిగించడానికి పైకి చెయ్యి చాపేసరికి ఆయన చొక్కా బెల్టులోంచి మొత్తం బయటికొచ్చేసింది.

"అదుగో," అంది అత్తయ్య. "నీ చొక్కా కూడా నా కారు లాగే కుట్టారు. ఎవడు కుట్టాడు?"

"రెడీమేడ్ అమ్మా."

"రెండు చేతులూ ఎత్తు. ఊఁ. పక్కకి వంగు. రేపు రెండు చొక్కాలు పంపు, చంకల్లో గుడ్డ వేసి ఇస్తాను. ఇలా రోజంతా చక్రాలు మోస్తే భుజాలు పోతాయి."

షాపు మధ్యలో, మీసాలతో, చేతులు పైకెత్తి నిలబడ్డ ఆయన్ని చూసి నేను ఈసారి నవ్వాను. అక్కడే నవ్వాను.

తర్వాత పిల్ల చేత చేతులెత్తించాం. సీట్లలో ఇద్దరు బరువైన మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి, నేను మోకాళ్ల మీద కూర్చుని విన్నాను. ఏ శబ్దమూ లేదు.

వెనక చక్రాలు తోస్తాయి, వాటికి వెడల్పు కావాలి. ముందు చక్రాలు తిరగాలి, వాటికి చోటు కావాలి. అందరికీ ఒకే కొలత చొక్కా తొడగడం సమానత్వం కాదని ఎన్ని వ్యాసాలు రాసి ఉంటాను? రాసింది నేనే. చదివినవాడు నువ్వే, పాఠకుడా. ఒక్కసారైనా గుర్తు చెయ్యకూడదూ.

(కంపెనీ చెప్పింది కాబట్టి అంతే అనే జవాబును మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.)

మార్చి 28

రేపే. మా ఆయన ఎవరూ చూడటం లేదనుకుని కారు అద్దం తుడుస్తున్నాడు. అద్దం తుడిచే పద్ధతి కూడా పళ్లు తోమినట్టే ఉంది, మూలమూలకీ వెళ్తున్నాడు.

మార్చి 29

ఇంటికి రాగానే డైరీ తీశాను. వరసగా రాస్తాను.

పొద్దున తనిఖీ. చక్రాల బోల్టులు చూశారు, బ్రేకు లైట్లు చూశారు, ముందు చక్రాలు చివరిదాకా తిప్పి చూశారు. అత్తయ్య నన్ను మోచేత్తో పొడిచింది. డిక్కీలో వదులుగా ఏమీ ఉండకూడదట. అందులోంచి రెండు కత్తెర్లు, గుండుసూదుల దిండు, ఒక కోటు చెయ్యి బయటికొచ్చాయి. తనిఖీ చేసేవాడు కోటు చెయ్యిని పైకెత్తి, "మిగతాది ఎక్కడ?" అన్నాడు.

కోచ్ పాతికేళ్ల పిల్ల, పొట్టి జుట్టు. హెల్మెట్ పెట్టుకుని అత్తయ్య పక్కన కూర్చుంది. నేను చక్రాల్లో గాలి చూసే గేజీ పట్టుకుని నిలబడ్డాను. ఆ పని నాదే. టైరు వేడెక్కితే లోపల గాలి పెరుగుతుంది, వచ్చిన ప్రతిసారీ చూసి సరిచెయ్యాలి. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

మొదటి విడత అయింది. అత్తయ్య చక్కగా వెళ్లింది, చక్కగా వచ్చింది. టైర్లు ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేవు. కోచ్ దిగి మొహమాటంగా చెప్పింది.

"అమ్మగారూ, మీ టైర్లు నోరే తెరవలేదు. అవి మాట్లాడకపోతే ఎక్కడిదాకా వెళ్లొచ్చో మీకెలా తెలుస్తుంది? తెలియకుండా ఒంటరిగా పంపలేను నేను. ఇంకో విడత ఉంది. చూద్దాం."

పక్కన మా ఆయన ఊపిరి వదిలాడు. వదిలాక తనకే సిగ్గేసినట్టుంది, వెళ్లి తల్లికి నీళ్లు తెచ్చాడు.

ఆయన అటు వెళ్లగానే అడిగాను. "ఏమైందత్తయ్యా? మన మలుపులో కూడా ఇంతకంటే గట్టిగా తిప్పుతారు మీరు."

"వాడు," అంది. "ఆ గ్యాలరీ మెట్ల మీద గుండె మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. ఏ మలుపు తిరిగినా వాడి మొహమే ఎదురొస్తోంది. చిన్నప్పుడు ఇంజెక్షన్ అంటే అదే మొహం. కాలు దానంతటదే లేచిపోతోంది."

"సరే. మొహం సంగతి నాకొదిలెయ్యండి. మీరు అరిపించండి."

"అరిస్తే?"

"వినండి. సన్నగా అరిస్తే ఇంకా ఉంది. గొంతు పెరిగితే కాలు కాస్త తియ్యండి. అంతే. అది మీ కోసమే అరుస్తుంది, మీ మీద కాదు."

ఆవిడ నా వైపు ఒక రకంగా చూసింది. హెల్మెట్ పెట్టుకుంది.

మా ఆయన్ని చెయ్యి పట్టుకుని గ్యాలరీ వెనక్కి లాక్కెళ్లి గోడ వైపు తిప్పి నిలబెట్టాను.

"ఇదేంటి?"

"చూడకు. విను."

ఇంజన్ దూరంగా వెళ్లింది. తిరిగి దగ్గరవుతుండగా మొదటిసారి వినపడింది, సన్నగా, తలుపు సందులోంచి వచ్చే గాలిలా. ఆయన నా చెయ్యి నలిపేశాడు.

"ఏంటా అరుపు?"

"టైరు. అరుస్తున్నంతసేపూ మీ అమ్మ చేతిలోనే ఉంది. భయపడకు."

రెండో చుట్టు, మూడో చుట్టు. ప్రతి మలుపులోనూ అరుపు, ప్రతిసారీ కాస్త ఎక్కువ. ఏ మలుపో చూడకుండానే చెప్పగలుగుతున్నాను. ఆఖరి మలుపు దగ్గర ఒక్కసారిగా గొంతు లేచింది. చీల్చినట్టు, పొడుగ్గా. ఆయన గోడకు నుదురు ఆనించాడు. నేనూ ఊపిరి బిగబట్టాను, అబద్ధం ఎందుకు. వినత్తయ్యా, విను, అంటున్నాను పైకే. మీరు గీరు లేదు.

అరుపు మెల్లగా దిగింది. సన్నబడింది. ఆగింది. ఇంజన్ మళ్లీ అందుకుంది.

"విన్నది," అన్నాను.

మేం పరిగెత్తుకుని ముందుకొచ్చేసరికి కారు ఆగి ఉంది. కోచ్ దిగింది. తలుపు వేసింది. బానెట్ మీద రెండుసార్లు తట్టి పక్కకు తప్పుకుంది. వదిలింది. పక్క సీటు ఖాళీగా, అత్తయ్య ఒక్కతే. చెయ్యి పైకెత్తి ఊపింది. చంక దగ్గర ఎక్కడా పట్టలేదు, ఆ కోటు తను కుట్టుకున్నదే.

ఆవిడ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. మా ఆయన ఈసారి గ్యాలరీలోనే, ముందు వరసలో నిలబడి చూశాడు. ఆవిడ దిగాక దగ్గరికెళ్లి నేల చూస్తూ అన్నాడు.

"అమ్మా, నన్నొక రౌండు తిప్పుతావా?"

"పన్ను పీకించుకోడానికి వచ్చినవాడిలా మొహం పెట్టనంటే తిప్పుతా."

తిప్పింది. పెట్టాడు, అదే మొహం. అయినా తిప్పింది.

నేను గాలి చూశాను. టైరు మీద చెయ్యి పెట్టాను. వేడిగా, కాస్త జిగురుగా ఉంది. అరిచి అరిచి అలిసిన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మంచి పిల్ల.

మార్చి 30

పొద్దున ఎడిటర్‌కు ఫోన్ చేశాను. అరవని మెత్తటి టైరు నాకొద్దన్నాను. ఏ టైరు అన్నాడు. మొత్తం చెప్పాను, సుద్దముక్కతో సహా. నవ్వాడు. "మీ షరతులు రాసి పంపండి, చూస్తాను," అన్నాడు.

షరతులు కావు. డిమాండ్లు. ఎడిటర్‌కు, ఇంట్లోవాళ్లకు, నీకు, అందరికీ కలిపి ఒకేచోట:

నా శీర్షిక అదే పేజీలో, అదే పొడవులో, అదే గొంతుతో తిరిగి రావాలి.

కుండీ మొక్కల ఆయనకు వేరే పేజీ ఇవ్వాలి. నడుం తగ్గాకే ఇవ్వాలి.

సిటీ బస్సుల టైర్లన్నీ తనిఖీ చెయ్యాలి. నున్నబడినవి ఈ నెలలోనే మార్చాలి. మొదటి వ్యాసం దీని మీదే.

ఏ టైర్ల షాపులోనూ "సార్ రాలేదా" అని అడగకూడదు.

ఏ చక్రమైనా తిప్పి చూడకుండా బిగించకూడదు. నేను వాదిస్తున్నా సరే.

జిమ్ము ఓనరు మా గేటు దగ్గర ఆగకూడదు.

అత్తయ్య మోకాళ్ల ఊసు ఎవరూ ఎత్తకూడదు.

పాఠకుడు ఈసారి ఉత్తరం రాయాలి. తిడుతూ రాసినా పర్లేదు.

రేపు ఉదయం నేను పిల్లలో కూర్చోవాలి. స్టీరింగు ఉన్న వైపు. అత్తయ్య నేర్పాలి.

వ్యాసం కోసమే.